వెట్ సాతో టైల్ కోత: అరగదీసే బ్లేడుతో నా అనుభవం

వెట్ సా అంటే నీళ్లు పోస్తూ టైల్స్ కోసే మెషీన్. దాని బ్లేడు నిజానికి కోయదు, అరగదీస్తుంది. కలప కోసే రంపానికి పళ్లుంటాయి, అవి పోగులను చీల్చుకుంటూ పోతాయి. టైల్ బ్లేడు అంచులో ఉండేవి లోహపు పొడిలో కలిపి బిగించిన వజ్రపు రేణువులు. వాటిలో పైకి తేలినవి టైల్‌ను గీకి పొడి చేస్తాయి. ఎంత మెల్లగా తోయాలి, నీళ్లెందుకు, పెచ్చులెందుకు లేస్తాయి, కొత్త బ్లేడు కూడా కొన్నిసార్లు ఎందుకు మొండికేస్తుంది అన్న ప్రశ్నలకు నాకు పనిలో దొరికిన జవాబులు చాలావరకు ఈ ఒక్క విషయం దగ్గరికే వచ్చి ఆగాయి.

ప్రతి కోతకూ వెట్ సా అక్కర్లేదు. పోర్సిలిన్ టైల్‌కు అడ్డంగా ఒక నిటారు కోత చాలనుకుంటే గీసి విరిచే చేతి కట్టర్ త్వరగా పని ముగిస్తుంది, నీళ్ల గోలా ఉండదు. సహజమైన రాయి, వెనక లోతైన గాళ్లున్న మందపాటి టైల్, 30 మి.మీ. కంటే సన్నని పట్టీ, ఎల్ ఆకారం, 45 డిగ్రీల అంచు అయితే మాత్రం వెట్ సా తీయక తప్పదు.

బ్లేడు ఎంపిక దగ్గరే సగం ఫలితం తేలిపోతుంది. అంచు తెగకుండా చుట్టూ ఒకే పట్టీలా ఉండే బ్లేడు పోర్సిలిన్‌కూ, గ్లేజ్ (గాజులాంటి పై పూత) ఉన్న సిరామిక్‌కూ సరిపోతుంది. అంచులో సన్నని గాళ్లున్న టర్బో రకం వేగంగా పోతుంది కానీ గ్లేజ్ మీద నొక్కులు వదులుతుంది. గ్రానైట్‌కు బాగానే ఉంటుంది. ముక్కలు ముక్కలుగా అంచున్న సెగ్మెంట్ బ్లేడు కాంక్రీటుకూ ఇటుకకూ పనికొస్తుంది, టైల్ దగ్గరికి రానివ్వకూడదు. పోర్సిలిన్‌కు 1.6 మి.మీ. మందం అంచున్న బ్లేడు నాకు నచ్చుతుంది. దానికంటే సన్నవి ఇంకా నున్నగా కోస్తాయి, కానీ కాస్త గట్టిగా తోస్తే వంగి గీత తప్పుతాయి.

బ్లేడు మీద రాసి ఉన్న రకాన్ని చూసి కొనడం వెనక ఒక తిరకాసుంది. గట్టి టైల్‌కు మెత్తని బంధనం (రేణువులను పట్టి ఉంచే లోహం) ఉన్న బ్లేడు కావాలి, ఇసుకలా రాపిడి ఎక్కువుండే మెత్తని రాయికి గట్టి బంధనం కావాలి. వజ్రపు రేణువు అరిగి నున్నబడ్డాక దాన్ని పట్టుకున్న లోహం కూడా అరిగితేనే అది రాలి, కింది కొత్త రేణువు పైకి వస్తుంది. పోర్సిలిన్ గట్టిదే కానీ లోహాన్ని పెద్దగా అరగదీయదు. అందుకే గట్టి బంధనమున్న బ్లేడు దాని మీద త్వరగా నున్నబడిపోయి, కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది.

ఆ స్థితిని గుర్తుపట్టడం కష్టం కాదు. నీళ్లు బాగా పడుతున్నా నిప్పురవ్వలు కనిపిస్తాయి. నిన్నటి కంటే గట్టిగా తోయాల్సి వస్తుంది. కోత చివరికి వచ్చేసరికి గీత నుంచి పక్కకు జారుతుంది. చాలామంది ఇక్కడ బ్లేడు అయిపోయిందని పారేస్తారు. నిజానికి దానికి సానపడితే చాలు. అల్యూమినియం ఆక్సైడ్ డ్రెస్సింగ్ కడ్డీ ఉంటే అదే తీసుకుంటాను, లేకపోతే మెత్తగా పొడి రాలే ఇసుక పాలు ఎక్కువున్న సిమెంట్ దిమ్మె. నీళ్లు వదిలి, 5 మి.మీ. లోతులో 8–10 కోతలు వేస్తాను. ఆ గరుకు పొడి బంధనాన్ని కొద్దిగా తినేసి కొత్త రేణువులను బయటపెడుతుంది. రవ్వలు ఆగాయంటే పని అయినట్టే. రోజంతా పోర్సిలిన్ కోసేటప్పుడు బ్లేడు మొరాయించేదాకా ఆగకుండా మధ్యమధ్యలో దిమ్మె మీద ఒకటి రెండు కోతలు వేసుకుంటూ పోవడం నయం.

బిగించేటప్పుడు ప్లగ్గు తీసి ఉండాలని వేరే చెప్పక్కర్లేదు. బ్లేడు మీది బాణం గుర్తు మోటారు తిరిగే వైపుకే ఉండాలి. బ్లేడును రెండు పక్కలా పట్టే బిళ్లలైన ఫ్లాంజ్‌ల ముఖాలూ గుడ్డతో తుడవాలి. పాత బురద ఎండి ఒక పలుకు అక్కడ మిగిలినా బ్లేడు ఊగుతుంది, ఆ ఊగు అంచు మీద నొక్కులుగా తేలుతుంది. మధ్య రంధ్రం 25.4 మి.మీ., ఇరుసు 22.23 మి.మీ. ఉన్నప్పుడు ఆ తేడా పూడ్చడానికి వేసే బుష్ (రింగు) వదులుగా ఉంటే బ్లేడు కేంద్రం తప్పి తిరుగుతుంది. ఒక్కో చుట్టులో ఒకే చోట తగిలి టక్ టక్ మని కొడుతుంది. బ్లేడు మీద రాసిన గరిష్ఠ చుట్ల సంఖ్య మెషీన్ చుట్ల కంటే ఎక్కువుండాలి. అంచు వేగం లెక్క కూడా ఒకసారి వేసి చూడాల్సిందే: 250 మి.మీ. బ్లేడు నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే అంచు సెకనుకు దాదాపు 37 మీటర్లు పోతుంది. 115 మి.మీ. గ్రైండర్ బ్లేడు 11,000 చుట్లతో సెకనుకు 66 మీటర్లు. చేతి గ్రైండర్ కోతలో అంచు మాడడానికి, నొక్కులు ఎక్కువ రావడానికి నీళ్లు లేకపోవడం ఒకటే కారణం కాదు. బిగించాక ఎదురుగా నిలబడకుండా పక్కన ఉండి, అర నిమిషం ఖాళీగా తిప్పి వినాలి.

కరెంటు దగ్గర నేను బేరమాడని విషయాలు రెండు. సాకెట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే బ్రేకర్) ఉండాలి. వైరు సాకెట్ కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వెళ్లేలా ఒక వంపు ఉండాలి. వైరు వెంట జారిన నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి, సాకెట్‌లోకి పోవు. ఎక్స్‌టెన్షన్ బోర్డు నేల మీద పెట్టడమైతే అసలొద్దు, కాసేపటికి అక్కడ మడుగు తయారవుతుంది.

నీళ్లు మూడు పనులు చేస్తాయి. బ్లేడును చల్లబరుస్తాయి, పొడిని గాడిలోంచి బయటికి కడుగుతాయి, దుమ్ము గాల్లోకి లేవకుండా ఆపుతాయి. ఈ మూడోదాన్ని చిన్నచూపు చూడొద్దు. టైల్‌లోనూ రాయిలోనూ ఉండే సిలికా సన్నని దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వస్తుంది, అది నయమయ్యే జబ్బు కాదు. పంపు పూర్తిగా మునగాలి, లేకపోతే గాలి పీల్చి ధార తెగుతుంది. ధార బ్లేడుకు రెండు వైపులా, అది టైల్‌ను తాకే చోటే పడాలి. ఒక పక్క నీళ్లు వచ్చే గొట్టం ముక్కు మూసుకుపోతే ఆ వైపు అంచుకు మాత్రమే పెచ్చులు లేస్తాయి. ఒక వైపు అంచు శుభ్రంగా, రెండో వైపు గరుకుగా ఉంటే నేను ముందు చూసేది ఆ ముక్కునే. ట్రేలో నీళ్లు పల్చటి మజ్జిగలా ఉన్నంతవరకు ఫర్వాలేదు, చిక్కబడితే మార్చేయాలి. చిక్కని బురద పంపును తినేస్తుంది, గాడిని సరిగా కడగదు. నల్ల గ్రానైట్ కోసిన నీళ్లతో తెల్ల మార్బుల్ కోయకూడదు, రాయి ఆ రంగును పీల్చుకోవచ్చు.

మొదటి టైల్ కోసే ముందు గైడు (టైల్‌ను ఆనించి తోసే పట్టీ) మూలమట్టానికి ఉందో లేదో చూడాలి. మూలమట్టం ఆనించి చూడడం కంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది. పనికిరాని టైల్‌ను మధ్యకు కోసి, రెండు ముక్కల కంపెనీ అంచులను ఒక నిటారు బద్దకు ఆనించాలి. ఒక ముక్కను తలకిందులుగా తిప్పి, కోసిన అంచులు రెండూ కలపాలి. కోణంలో ఎంత తేడా ఉంటే సందులో దానికి రెట్టింపు కనిపిస్తుంది. ఇంకో తప్పు దాగి ఉంటుంది: బల్ల కదిలే దారి బ్లేడుకు సమాంతరంగా లేకపోవడం. బ్లేడు మీద మార్కరుతో ఒక చుక్క పెట్టి, ముందు వైపు ఉన్నప్పుడు గైడు మీది ఒక స్థిరమైన బిందువుకు దూరం కొలవాలి. బ్లేడును చేత్తో తిప్పి, బల్లను జరిపి, అదే చుక్కను వెనక వైపున మళ్లీ కొలవాలి. తేడా 0.2 మి.మీ. దాటితే బ్లేడు వెనక అంచు కోసిన గాడిని మళ్లీ గీకుతుంది. కొత్త బ్లేడు వేసినా నొక్కులు పోని మెషీన్లలో చాలాసార్లు రోగం ఇదే.

గీత గీసేటప్పుడు పెన్సిల్ గ్లేజ్ మీద నిలవదు, మామూలు మార్కరు నీళ్లకు కొట్టుకుపోతుంది. మైనపు పెన్సిల్ వాడతాను, లేదా మాస్కింగ్ టేపు అంటించి దాని మీద గీస్తాను. గ్లేజ్ లేని లేత రంగు రాయి మీద మార్కరు నేరుగా పెడితే మరక లోపలికి దిగుతుంది. ఏ ముక్క ఉంచుకోవాలో, ఏది పారేయాలో గీత పక్కనే ఒక గుర్తు వేసుకోవాలి. బ్లేడు తినే మందం పారేసే వైపుకే పోవాలి. ఈ మందాన్ని లెక్కలో మరిచిపోయే చోటు స్కర్టింగ్, అంటే గోడ అడుగున వేసే పట్టీ. 600 మి.మీ. టైల్‌లోంచి 100 మి.మీ. పట్టీలు ఆరు రావు. గాడి 2 మి.మీ. అనుకుంటే 5 కోతలకు 10 మి.మీ. పోతుంది. ఆరూ సమంగా కావాలంటే ఒక్కొక్కటి 98.3 మి.మీ. అవుతుంది. లెక్క ముందే తేల్చుకోకపోతే చివరి పట్టీ 90 దగ్గర ఆగుతుంది.

ఇక కోత. గ్లేజ్ వైపు పైకి ఉండాలి. బ్లేడు మనవైపున్న అంచు పై నుంచి కిందికి తిరుగుతుంది కాబట్టి, రేణువులు లోపలికి దిగే పై ముఖం శుభ్రంగా ఉంటుంది, బయటికి వచ్చే అడుగున పెచ్చులు లేస్తాయి. బ్లేడు తిరగడం మొదలయ్యాక, నీళ్లు రెండు వైపులా కారుతున్నాయని చూశాకే టైల్‌ను ఆనించాలి. మొదటి 10–15 మి.మీ. చాలా మెల్లగా పోనివ్వాలి, ఎందుకంటే గాడి ఏర్పడే దాకా బ్లేడుకు దారి లేదు, గ్లేజ్ అంచు మీద జారుతుంది. గాడి పడ్డాక ఒకే వేగం. 10 మి.మీ. పోర్సిలిన్‌లో 600 మి.మీ. కోతకు నేను ముప్పావు నిమిషం నుంచి నిమిషం దాకా తీసుకుంటాను. సిరామిక్ గోడ టైల్ అయితే అందులో సగం చాలు. గడియారం చూడక్కర్లేదు, మోటారు చెబుతుంది. ఖాళీగా తిరిగే శబ్దం కంటే కాస్త దిగితే సరే, మూలుగు మొదలైతే చెయ్యి సడలించాలి.

చివరి 30 మి.మీ.లోనే ఎక్కువ టైల్స్ పాడవుతాయి. మిగిలిన సన్నని వంతెన రెండు ముక్కల బరువునూ మోయలేక విరిగిపోతుంది, మూలలో ఒక త్రికోణం ముక్క ఊడుతుంది. దీనికి రెండు మందులు. మొదటిది, రెండు వైపుల ముక్కలూ బల్ల మీద పూర్తిగా ఆనేలా చూడాలి. బల్ల బయటికి వేలాడే భాగం కింద అదే ఎత్తున స్టాండు ఉండాలి. తెగిన ముక్క బ్లేడు వైపు వాలితే గాడి మూసుకుని బ్లేడును పట్టేస్తుంది. రెండోది, ఖరీదైన టైల్ అయితే అవతలి చివర నుంచి ముందే 25 మి.మీ. లోపలికి కోసి, టైల్‌ను తిప్పి, ఇవతలి నుంచి వచ్చి ఆ గాడిలో కలపాలి. గైడు సరిగ్గా ఉంటే అతుకు కనిపించదు.

బ్లేడు తల దిగే రకం మెషీన్లో, ముఖం మీద అద్దంలాంటి పాలిష్ ఉన్న టైల్‌కు నేను ఒకే దెబ్బకు కోయను. మొదటిసారి 2–3 మి.మీ. లోతు, రెండోసారి పూర్తిగా. సమయం ఎక్కువే, అంచున గరుకు మాత్రం చేతికి తగలదు. పొడవైన 600 × 1200 పోర్సిలిన్‌లో ఇంకో చిక్కుంది. బట్టీలో కాలి చల్లారినప్పుడు లోపల నిలిచిన ఒత్తిడి వల్ల కోత సగంలో ఉండగానే పగులు బ్లేడు ముందుకు పరుగెడుతుంది. పారేసే వైపు ముందే ఒకటి రెండు కోతలు వేసి ఆ ఒత్తిడిని విడుదల చేస్తే చాలామటుకు ఆగుతుంది.

ఎల్ ఆకారం కోయడం దగ్గర గుండ్రటి బ్లేడు స్వభావం అడ్డొస్తుంది. పై నుంచి కోసే బ్లేడు టైల్ పై ముఖం మీద గీతను చేరేసరికి అడుగున ఇంకా చేరదు. ఎంత వెనకబడుతుందో లెక్క కట్టొచ్చు. 180 మి.మీ. బ్లేడు, 10 మి.మీ. టైల్, బ్లేడు టైల్ అడుగు కంటే 3 మి.మీ. మాత్రమే కిందికి ఉంటే అడుగు కోత దాదాపు 23.5 మి.మీ. వెనకబడుతుంది. అదే బ్లేడును 25 మి.మీ. కిందికి దించితే తేడా 9 మి.మీ.కి తగ్గుతుంది. కాబట్టి ఎల్ కోతకు బ్లేడును మెషీన్ అనుమతించినంత లోతుకు దించుతాను. పై గీత దగ్గర ఆగి, రెండో గీతను కూడా అలాగే ముగించి, టైల్‌ను తిరగేసి అడుగు వైపు నుంచి మిగిలినది కోస్తాను. వెనక నాలుగైదు మి.మీ. గీత దాటినా ఎవరికీ కనిపించదు. ముందు వైపు ఒక్క మిల్లీమీటరు దాటినా టైల్స్ మధ్య సందులో నింపే గ్రౌట్ దాన్ని దాచదు. బల్ల కింద నుంచి బ్లేడు పైకి వచ్చే చిన్న మెషీన్లలో ఇది తలకిందులు: ముఖం పైకి పెడితే అడుగున ముందే ఎక్కువ తెగుతుంది, పైన గీత ఇంకా మిగిలే ఉంటుంది.

లోపలి మూలలో పదునైన కోణం వదిలితే పగులు అక్కడి నుంచే పుడుతుంది. పోర్సిలిన్‌లో ముందుగా మూలలో 6–8 మి.మీ. డైమండ్ బిట్టుతో రంధ్రం వేసి, రెండు కోతలనూ ఆ రంధ్రంలోకి చేరుస్తాను. గుండ్రటి మూల పగులును అక్కడే ఆపుతుంది. స్విచ్ బాక్సు చుట్టూ యు ఆకారం అయితే రెండు పక్కలా కోసి, మధ్యలో 5–6 మి.మీ. దూరంలో దువ్వెన పళ్లలా కోతలు వేసి, మిగిలిన సన్నని పట్టీలను నిప్పర్‌తో (టైల్ విరిచే పట్టకారుతో) విరిచి, అడుగును బ్లేడు మీద అడ్డంగా మెల్లగా రాపిస్తాను.

45 డిగ్రీల అంచులో అందరూ చేసే ప్రయత్నం గ్లేజ్ వరకు కత్తిలా పదును తేవడం. అది బిగించేలోపే చిట్లుతుంది. గ్లేజ్ దగ్గర 1 మి.మీ. నిలువు అంచు వదలాలి. కోణం 45కి బదులు 46 పెడితే రెండు టైల్స్ వెనక భాగాలు తగలకుండా అధెసివ్‌కు చోటుంటుంది, ముందు అంచులు దగ్గరగా కలుస్తాయి. తర్వాత 200, 400 నంబరు డైమండ్ ప్యాడ్‌తో చేత్తో అంచును తేలిగ్గా రుద్దాలి. ఎప్పుడూ గ్లేజ్ నుంచి వెనక్కే రుద్దాలి. అటు నుంచి ఇటు రుద్దితే కొత్త నొక్కులు మనమే తయారుచేసినట్టు.

20 మి.మీ. లోపు పట్టీలు కోసేటప్పుడు వేళ్లు దూరంగా ఉంచి చెక్క ముక్కతో తోయాలి. వదులు చేతి తొడుగులు, వేలాడే చొక్కా చేతులు బ్లేడు దగ్గర వద్దు. కళ్లద్దాలు, చెవి రక్షణ మాత్రం తప్పవు. గాజు టైల్‌కు గాజు కోసం చేసిన సన్నని రేణువుల బ్లేడే ఉండాలి, పోర్సిలిన్ బ్లేడుతో కోస్తే అంచు పొడవునా గవ్వల్లాంటి పెచ్చులు లేస్తాయి.

కోసిన టైల్‌ను నేరుగా గోడకెత్తకూడదు. వెనక పట్టిన బురద పొర ఎండితే అది సన్నని పొడి, అధెసివ్ ఆ పొడికి అంటుకుంటుంది గానీ టైల్‌కు కాదు. శుభ్రమైన నీళ్లతో, స్పాంజితో వెనక, అంచులు కడగాలి. పోర్సిలిన్ నీళ్లను 0.5 శాతానికి మించి పీల్చదు కాబట్టి తుడిస్తే చాలు. గోడ సిరామిక్ 10 శాతానికి పైగానే పీల్చగలదు. తడిసిన ముక్కలను నిలబెట్టి ఆరనివ్వాలి, లేకపోతే అధెసివ్ ఆలస్యంగా పడుతుంది. అందుకే సిరామిక్ పని ఉన్న రోజు కోతలన్నీ ముందు వరుసగా కోసేసి, ఆ తర్వాతే అంటించడం మొదలుపెడతాను. ఒకే కొలత ముక్కలు గైడు కదపకుండా ఒకేసారి, ఆ తర్వాత ఎల్‌లు, అన్నిటికంటే చివర 45లు. తల వంచిన మెషీన్‌ను మళ్లీ 90కి తెస్తే మూలమట్టం పరీక్ష మొదటి నుంచి చేయాల్సిందే.

పని అయ్యాక పంపును బకెట్ శుభ్రమైన నీళ్లలో పెట్టి రెండు నిమిషాలు నడపాలి. లోపల ఎండిన బురద మర్నాడు పంపును తిరగనివ్వదు. బల్ల పట్టాలు, చక్రాలు తుడవాలి. ట్రే బురద డ్రైనేజీలో పోయొద్దు, వంపుల్లో పేరుకుని పైపు మూసుకుపోతుంది. బకెట్లో రాత్రంతా ఉంచితే పొడి అడుగుకు దిగుతుంది, పైన తేటను వంపేసి, అడుగు ముద్దను సంచిలో కట్టి చెత్తలో వేయాలి. నేల మీద చిందిన బురదను తడిగా ఉండగానే తుడవాలి, ఎండాక ఊడ్చితే అదే సిలికా మళ్లీ గాల్లోకి లేస్తుంది. బ్లేడు విప్పి ఆరబెట్టి, ఇరుసు మీద రెండు చుక్కల నూనె వేయండి. తుప్పు పట్టిన ఫ్లాంజ్ మీద ఏ బ్లేడు బిగించినా ఊగుతుంది.